బలపము పట్టుటకు ముందు

చదువు అనునది పలక కొన్ననాడు మొదలగునని మనలో ననేకులు తలంచుచున్నారు. బిడ్డకు అయిదవయేడు వచ్చును. మంచిదినము చూచి పలకయు బలపమును చేతికిచ్చి, చేయి పట్టుకొని మొదటి యక్షరమును దిద్దింతురు. విద్యారంభమైనదని ఇంటివారందరును సంతోషింతురు. సంతోషింపదగినదే. కాని ఆ దినమునకు చాల ముందుగనే రెండు పనులు జరిగి యుండవలెను. బలపము పట్టవలసిన వ్రేళ్లు ఆ పనికి సిద్ధపడి యుండవలెను. చదివినదాని యర్థమును గ్రహింపవలసిన బుద్ధి మాటలతో నిండి యుండవలెను. ఈ రెండును లేక పలక పట్టిన బిడ్డ, విత్తనములు లేని గొర్రును తోలు సేద్యగాని వంటివాడు. చాళ్లు పడును గాని పైరు మొలవదు.

కావున మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు గల శిశువులకు వ్రేళ్ల నేర్పును, అర్థగ్రహణశక్తిని ఏ రీతిగా అలవరుపవలెనో ఈ వ్యాసమున వివరింతును. ఇది తల్లిదండ్రుల కొరకును, ఉపాధ్యాయుల కొరకును మాత్రమే గాక, ఇంట తమ్ముడో చెల్లెలో గల విద్యార్థుల కొరకును వ్రాయబడినది. ఏలయనగా మన పల్లెలలో చిన్నబిడ్డకు మొదటి గురువు తరచుగా అక్కయో అన్నయో యై యుండును.

మొదట చేతిని గూర్చి చెప్పుదము. పెద్దవారి మణికట్టులో ఎనిమిది చిన్న యెముకలు గలవు. బిడ్డ పుట్టునప్పుడు అవి యెముకలు కావు. మెత్తని మృదులాస్థి మాత్రమే. తరువాత నొకటొకటిగా గట్టిపడుచు వచ్చును. మూడేండ్ల బిడ్డ మణికట్టులో సుమారు మూడు మాత్రమే యెముకగా మారి యుండును. బఠాణిగింజను బోలిన చివరిది సామాన్యముగా ఎనిమిదేండ్లకును పండ్రెండేండ్లకును నడుమ గాని గట్టిపడ మొదలిడదు. కండరములు కూడ ఒక క్రమమున వశమగుచుండును. ముందు భుజము, తరువాత మోచేయి, ఆ తరువాత మణికట్టు, చిట్టచివరకు వ్రేళ్లు. అందుచేతనే రెండేండ్ల బిడ్డ బలపమును పిడికిట పట్టి భుజమంతయు కదలించి గీయును. మూడు, నాలుగేండ్ల బిడ్డ వ్రేళ్లన్నిటితో పట్టును. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పట్టి, మధ్యవ్రేలిపై ఆనించి వ్రాయు పద్ధతి నాలుగేండ్లకును ఆరేండ్లకును నడుమ అలవడును. చూచి గీయుటలోను ఇట్టి క్రమమే కలదు. మూడేండ్లు నిండిన బిడ్డ సున్నను చూచి గీయగలడు. నాలుగేండ్లకు కూడిక గుర్తును, అయిదేండ్ల ప్రాంతమున చతురస్రమును, దాని పిదప త్రికోణమును గీయగలడు. కొందరు బిడ్డలు కొంచెము ముందుగను, కొందరు కొంచెము వెనుకగను ఈ మెట్లనెక్కుదురు. అది దోషము కాదు.

ఇప్పుడు మన యక్షరములను చూడుడు. తాటియాకుపై గంటముతో తిన్నని అడ్డగీతలు గీచిన ఆకు చీలునని, అందుచేత మన లిపి గుండ్రదనము పొందినదని పెద్దలు చెప్పుదురు. కారణమేదైనను, తెనుగు వ్రాయు చేయి క్షణక్షణమును మలుపు తిరుగవలసి యున్నది. సున్నను గీయగల బిడ్డ దానిపై తలకట్టు పెట్టినచో 'ర' యగును. 'అ' అట్టిది కాదు. అది లోపలికి చుట్టుకొని మరల వెలుపలికి వచ్చును. 'ఋ' యెంత కష్టమో చెప్పనక్కరలేదు. అయినను మూడున్నరయేండ్ల బిడ్డ చేతికి సన్నని పెన్సిలునిచ్చి, నాలుగుగీతల పుస్తకములో 'అ' మొదలుకొని 'అః' వరకు వ్రాయుమని గద్దించు ఇండ్లును బడులును నేడు పట్టణములందు గలవు. బిడ్డ పెన్సిలును బిగబట్టును; వ్రేళ్లు నొచ్చును; ఏడ్చును. చదువన్న నొప్పియని మొదటనే నేర్చుకొనును. దీనిని బుద్ధిహీనత యని పెద్దలు నిందించుట తగదు. ఎముక గట్టిపడక ముందు బరువు మోయించుట పెద్దల తప్పు గాని పిల్లల తప్పు కాదు.

మన సీమ పూర్వులు ఈ విషయమున నేటివారికంటె మేలైన పద్ధతి నెరిగి యుండిరి. దానికొక చక్కని సాక్ష్యము గలదు. 1800 సంవత్సరమున నిజాము కంపెనీవారికి వదలిన దత్తమండలములే కాలక్రమమున మన రాయలసీమలో అధికభాగమైనవి. ఆ మండలములకు మొదటి ప్రధాన కలెక్టరుగా నుండిన సర్ థామస్ మన్రో తరువాత మద్రాసు గవర్నరై, 1822 జూన్ 25వ తేదీన దేశములోని బడుల స్థితిని తెలుపుడని కలెక్టర్ల నందరిని కోరెను. బళ్లారి కలెక్టరైన ఏ. డి. కాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన తన జవాబు నంపెను. ఈయన 1816లో తెనుగు వ్యాకరణమును, పిమ్మట తెనుగు నిఘంటువును ప్రకటించిన భాషాపండితుడు. నేడు కర్నూలు జిల్లాలోనున్న ఆదోని, ఆలూరు సీమలు నాడు బళ్లారి జిల్లాలోనివే. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు అవి ఇటు వచ్చినవి. కావున కాంబెల్ వ్రాసినది మన తాతముత్తాతల బడిని గూర్చియే.

ఆ బడిలో బిడ్డ యక్షరములను ముందుగా నోటితో వల్లించి నేర్చుకొనువాడు కాడు. నేలపై ఇసుక పరచి, వ్రేలితో వ్రాసి నేర్చుకొనుచుండెను. ఇసుకలో వ్రాయుట బాగుగ అలవడిన తరువాతనే గంటమును, రెల్లుకలమును, లేక బలపమును పట్టుటకు అధికారము కలుగుచుండెను. పలకయన నాడు రాతిపలక కాదు. ఇంచుమించు అడుగు వెడల్పు, మూడడుగుల పొడవుగల కొయ్యపలకను నునుపుచేసి, అన్నమును బొగ్గుపొడిని కలిపి పూసెడివారు. గుడ్డను గంజిలో తడిపి, మడతలు పెట్టి, బొగ్గును బంకలను పట్టించి చేయు కడితమును వాడెడివారు. వీనిపై వ్రాసినదానిని తడిగుడ్డతో తుడిచి మరల వ్రాయవచ్చును. ఖర్చు లేదు, తప్పు వ్రాసితినను భయమును లేదు. పెద్దబాలురు చిన్నబాలురకు నేర్పుట, తక్కువ ఖర్చుతో వ్రాత నేర్పుట అను ఈ రెండును మెచ్చదగినవనియు, ఇంగ్లండులో వీనిని అనుకరించుట తగియే యున్నదనియు కాంబెల్ వ్రాసెను.

ఆ యనుకరణము కథ యిది. మద్రాసులో సైనికుల అనాథబాలుర శాలకు అధికారియై 1789లో చేరిన ఆండ్రూ బెల్ అను నాతడు, ఒక నాటుబడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాయుచుండగా చూచి, ఆ పద్ధతిని తన శాలలో ప్రవేశపెట్టెను. 1797లో లండనునందు దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. మద్రాసు పద్ధతియను పేర అది ఇంగ్లండంతట వ్యాపించెను. తరువాత నూరేండ్లకు పైగా గడచి, 1907 జనవరి 6వ తేదీన రోమునగరపు బీదల పేటలో మరియా మాంటిసోరి యను వైద్యురాలు శిశువుల బడి తెరచెను. ఆమె గరుకు కాగితముతో అక్షరములు కత్తిరించి పలకలకంటించి, బిడ్డల వ్రేళ్లచే వానిని తడవించి నేర్పెను. ఆమె 1939లో మద్రాసునకు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే యుండెను. ఇసుకయైనను గరుకు కాగితమైనను సూత్ర మొక్కటియే. అక్షరము కంటికంటె ముందు వ్రేలికి తెలియవలెను.

అయితే వ్రేలితో వ్రాయుటకైనను వ్రేళ్లకు ముందు కొంత బలము రావలెను. దానికి వెలగల బొమ్మలు కొననక్కరలేదు. మన యిండ్లలోను పొలములలోను దొరకు వస్తువులే చాలును.

మూడేండ్ల బిడ్డను తన సంగటిముద్దను తానే తుంచుకొని, పప్పులో అద్దుకొని తిననిండు. క్రింద పడును, బట్టలు మాయును. అయినను అయిదు వ్రేళ్లు కూడి పనిచేయుట దానివలననే వచ్చును. రొట్టె చేయునప్పుడు చిన్న పిండియుండ నొకటి ఆ బిడ్డకును ఇండు. పిసుకుట, నొక్కుట, ఉండచేయుట, పాముగా సాగదీయుట వ్రేళ్ల కండరములకు సాము వంటివి. కోవెలకుంట్ల, నంద్యాల ప్రాంతపు నల్లరేగడి మట్టి తడిసిన జిగటగా నుండి, ఏ యాకృతి నైనను నిలుపుకొనును. ఆదోని వైపు మట్టెద్దుల అమావాస్యనాడు మట్టితో ఎద్దులను చేసి పూజించు ఆచారము గలదు. ఆనాడు పెద్దవారే చేసి ముగింపక, బిడ్డచేత కొమ్ములను, మూపురమును, తోకను పెట్టింపుడు. మూపురము నిలిపిన వ్రేళ్లు రేపు తలకట్టును నిలుపగలవు.

నాలుగేండ్లు నిండిన పిదప రెండు వ్రేళ్లతో పట్టు పనులు చెప్పవచ్చును. వేరుసెనగలను మనవారు కొందరు బుడ్డలనియు, కొందరు చెనిక్కాయలనియు పిలుతురు. కాయను బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను నొక్కి పగులగొట్టుటలో బలపము పట్టు పట్టుదలయే యున్నది. చేటలో జొన్నలును కందులును కలిపి పోసి వేరుచేయుమనుట, పూలను దారమున గ్రుచ్చుట, చొక్కా గుండీలు పెట్టుకొనుట, గుడ్డను తడిపి పిండుట, తాళపుచెవి త్రిప్పుట మొదలగునవి అట్టివే. అచ్చనగండ్లాటలో రాతిని ఎగురవేసి, అది క్రిందికి వచ్చులోపల మరియొక రాతిని ఏరుకొనుటకు కన్నును చేయియు ఒక్క క్షణమున కూడవలెను. వామనగుంటలలో ఒక్కొక్క గుంటకు ఒక్కొక్క చింతగింజను విడుచుచు పోవుటవలన వ్రేళ్ల నేర్పుతోపాటు లెక్కయు వచ్చును. అయితే ఒక హెచ్చరిక. గింజలు, గోళీలు, బుడ్డపప్పులు నోటను ముక్కునను పెట్టుకొన్నచో ఊపిరి తిరుగక ప్రాణాపాయము కలుగును. కావున ఇట్టి వస్తువులను చంటిబిడ్డలకు అందనీయకుడు. కొంచెము పెద్దబిడ్డలతోనైనను పెద్దలొకరు దగ్గర కూర్చుండియే ఆడింపవలెను.

పిమ్మట గీతలు. ముందు పెద్దవి, తరువాత చిన్నవి. మన యిండ్లలో పరచిన కడప బండలును బేతంచెర్ల బండలును నున్నని పెద్దపలకలే గదా! సుద్దముక్క నిచ్చి, ఆ బండపై చేయి చాచినంత పొడవున గీతలు గీయనిండు, తుడువనిండు. వాకిట ముగ్గు వేయునప్పుడు బియ్యపుపిండి చిటికెడు బిడ్డకును ఇచ్చి, రెండు చుక్కలను కలుపుమనుడు. పళ్లెములో ఇసుక పోసి సున్నలను, అర్ధచంద్రులను వ్రేలితో దిద్దింపుడు. ఇవి యలవడిన పిదప పలకకు రావచ్చును. 1970లో ప్రకాశము జిల్లా యేర్పడువరకు కర్నూలు జిల్లాలోనిదైన మార్కాపురము రాతిపలకలకు పేరుపొందినది. ఆ పలకపై మొట్టమొదట 'అ' యని పట్టుబట్టక, సులభమగు రూపములతో నారంభించుట మేలు. ర, గ, ప, వ, ల, త, క, డ అను కొలది యక్షరములతోనే తల, వల, పడవ, పలక, గడప అను మాటలు వచ్చును. గడపను దాటని బిడ్డ లేడు. పలక యెదుటనే యున్నది. అక్షరము వెంటనే వస్తువును చూపగలిగితిమి.

ఇచ్చట రెండవ విషయములోనికి వచ్చుచున్నాము. వస్తువును చూపుట, అనగా అర్థమును కలుపుట. పూర్వపు బడి చేతి విషయమున మేలైనదయ్యును, ఈ విషయమున మిక్కిలి లోపము గలదై యుండెను. కాంబెలే దీనిని దాచక వ్రాసెను. బడిలో చదువు గ్రంథములు పద్యకావ్యములు. వాని భాష వాడుకభాషకును వ్యవహారభాషకును వేరు. లిపి యొక్కటే కావున చదువగలిగినవాడు దేనినైనను చదువును, కాని యర్థము తెలియదు. అక్షరముల ఉచ్చారణమునందే దృష్టి. మాటల భావమునందు కాదు. కంఠస్థము చేయించు గ్రంథముల తాత్పర్యము చెప్పగల ఉపాధ్యాయులే కొలదిమంది. గ్రహింపగల శిష్యులు అంతకంటె తక్కువ. ఇది నూటికి నూరుపాళ్లు గడచిన కథ యని మనము చెప్పగలమా? నేడును పాఠమును గడగడ చదివి, 'ఇందేమి చెప్పబడినది?' అని యడిగినంతనే నేలచూపు చూచు బాలురు ప్రతి తరగతిలోను లేరా?

దీనికి కారణమును 1986లో గఫ్, టన్మర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక చిన్న లెక్కగా చెప్పిరి. చదివి గ్రహించుట యనునది రెండు శక్తుల గుణకారము. ఒకటి అక్షరములను కూర్చి మాటను పలుకగలుగుట. రెండవది విన్న మాటను అర్థము చేసికొనగలుగుట. ఇది కూడిక కాదు, గుణకారము. పదిని సున్నతో గుణించిన సున్నయే వచ్చును. అక్షరములన్నియు వచ్చియు మాటల యర్థము రాని బిడ్డకు చదువు సున్న. మాటలన్నియు తెలిసియు అక్షరము రాని బిడ్డకును సున్నయే. కావున ఒకదానిని ముగించిన తరువాత రెండవదానిని చూతమనుట పనికిరాదు. పైగా మన లిపిలో గుణింతములు, ఒత్తులు మెండు. తెనుగునకు చెల్లెలివంటి కన్నడలిపిని నేర్చు పిల్లలను పరిశీలించి సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధనమునుబట్టి, అక్షరములన్నియు వశమగుట నాలుగవ తరగతి వరకును సాగుచుండును. అన్నియేండ్లు అర్థము కొరకు కాచుకొని కూర్చుండుట యెట్లు? అక్షరమునకు కన్ను ఎదురుచూచుచున్నను, అర్థమునకు చెవి ఇప్పుడే సిద్ధముగా నున్నది. చెవి ద్వారా అర్థమును నింపుటయే మూడేండ్లనుండి చేయవలసిన పని.

దీనికి మొదటి సాధనము మాట. బావికి పోవునప్పుడు, పొయ్యి రాజేయునప్పుడు, సంతకు నడుచునప్పుడు బిడ్డతో మాటలాడుడు. 'అది తే, ఇది పెట్టు' అని ఆజ్ఞలు మాత్రమే వినిన బిడ్డకు కొలదిమాటలే వచ్చును. 'ఈ కుండలో నీరెందుకు చల్లగా నున్నది? ఆ మేఘము ఏ దిక్కునకు పోవుచున్నది?' అని యడిగిన, బిడ్డ ఆలోచించి వాక్యము కట్టును. రెండవది కథ. అవ్వ చెప్పు కథలో ముందేమి జరిగెను, దానివలన నేమి జరిగెను అను వరుస యున్నది. ఆ వరుసను పట్టుకొనుటయే పుస్తకము చదువునప్పుడు వలయు శక్తి. మూడవది పొడుపుకథ. చెప్పినదానినుండి చెప్పనిదానిని ఊహించుట అందు గలదు. నాలుగవది చప్పట్ల ఆట. 'ప-ల-క' యని మూడు చప్పట్లు, 'గ-డ-ప' యని మూడు, 'త-ల' యని రెండు. మాటను ముక్కలుగా వినగల చెవికి అక్షరము త్వరగా పట్టుబడును.

బొమ్మల పుస్తకము దొరకినప్పుడు దానిని చదువు విధమును చెప్పెదను. బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వ్రేలిని ఎడమనుండి కుడికి జరుపుచు చదువుడు. మాట కాగితముపై నున్నదని, అది ఈ దిక్కుగా నడచునని బిడ్డకు తెలియును. నడుమ ఆగి, 'తరువాత నేమగును?' అని యడుగుడు. ముగించిన పిదప కథను తన మాటలలో చెప్పనిండు. ఉదాహరణమునకు, 'మేక బావియొద్దకు పోయెను. బావిలో నీరు లేదు' అని యున్నదనుకొందము. 'మేక ఎక్కడికి పోయెను?' అని యడిగిన బిడ్డ విన్నమాటను అప్పగించును. అది జ్ఞాపకశక్తి మాత్రమే. 'బావిలో నీరెందుకు లేదు?' అని యడిగి చూడుడు. జవాబు పుస్తకములో లేదు. అయినను మన సీమ బిడ్డ తటాలున 'వాన పడలేదు గదా!' అనును. చదివినదానికి తన బ్రదుకును కలిపెను. అర్థగ్రహణమన నిదియే. కరవు నేర్పిన జ్ఞానము కూడ జ్ఞానమే; దానిని పాఠములోనికి రానిచ్చు ఉపాధ్యాయుడు ధన్యుడు.

ఇంటిమాటను చిన్నచూపు చూడరాదు. మన పల్లెబిడ్డ మడక యెరుగును. పుస్తకములో నాగలి యని యుండును. ఎనుమును ఎరుగును, పుస్తకములో గేదె యని యుండును. 'మడక యనరాదు, నాగలి యనవలెను' అని గద్దించినచో బిడ్డ తన మాటను సిగ్గుపడి మరచును, క్రొత్తమాటను అర్థములేక మోయును. 'మన మడకనే పుస్తకములో నాగలి యన్నారు' అని చెప్పినచో ఒక మాటకు రెండు మాటలైనవి. ఆదోని వైపు కన్నడము, కర్నూలు, కడప పట్టణములలో ఉర్దూ, తాండాలలో లంబాడీ మాటలాడు ఇండ్లు ఎన్నియో గలవు. ఆ బిడ్డలకు కథను ముందు ఇంటిభాషలో విననిచ్చి, తరువాత తెనుగున చెప్పుట న్యాయము. తెలిసిన కథకు తెలియని భాష త్వరగా లొంగును.

ఇదంతయు తీరికగల యిండ్లకు చెల్లును, కూలికి పోవు తల్లి యేమి చేయునని కొందరడుగుదురు. ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. 1823లో కాంబెల్ తన జిల్లాలో 9,27,857 మంది ప్రజలకు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు మాత్రమే యున్నారనియు, వారిలో బాలికలు అరువదిమందియే యనియు లెక్కవ్రాసి, దీనికి దేశము క్రమక్రమముగా దరిద్రమగుట కారణమని నిర్మొగమాటముగా చెప్పెను. బిడ్డల లేతచేతులు పనికి వచ్చినంతనే తల్లిదండ్రులు బడి మాన్పించుచుండిరని యాతడు విచారించెను. నూటడెబ్బదియేండ్ల తరువాతను ఆ విచారము తీరలేదు. 1990 తరువాత కర్నూలు, మహబూబునగరము జిల్లాలలో సంకరపత్తి విత్తనముల సేద్యము పెరిగెను. ప్రతి పువ్వును చేతితో విప్పి, ఒకదాని పుప్పొడిని మరియొకదానికి అంటింపవలసిన సున్నితపు పని యది. దానికి చిన్నవ్రేళ్లు, తక్కువకూలి కావలెనని వేలకొలది బాలికలను బడి మాన్పించి పొలములలో నిలిపిరి. వ్రేళ్ల నేర్పును గూర్చి యింత వ్రాయుచున్న మనము ఈ సంగతిని మరువరాదు. బుడ్డలొలుచుట ఆటగా నున్నంతవరకే విద్య. కొలతకు కూలిగా మారిననాడు అది చదువునకు శత్రువు.

పనికి పోవు తల్లి బిడ్డకును అంగన్‌వాడి కేంద్రములు గలవు. 1975 అక్టోబరు 2వ తేదీన మన దేశమున 33 చోట్ల ప్రారంభమైన శిశు అభివృద్ధి పథకము ఇప్పుడు పల్లెపల్లెకును వ్యాపించియున్నది. అచ్చట బిడ్డకు అన్నము పెట్టుటయే గాక, ఆటపాటలతో బడికి సిద్ధపరచుటయు పనిగా నిర్ణయింపబడినది. 2020 జాతీయ విద్యావిధానము మూడేండ్లనుండి ఎనిమిదేండ్లవరకు గల కాలమునంతను ఒక్క పునాది దశగా నెంచెను. కావున కేంద్రము గ్రుడ్డుకొరకు మాత్రమే యని తలంపక, 'నేడే కథ చెప్పిరి? ఏ యాట యాడిరి?' అని తల్లిదండ్రులు అడుగవలెను. అడుగువారున్నచో చెప్పువారును ఉత్సాహపడుదురు. కోసిగి, మంత్రాలయము, ఆలూరు ప్రాంతములనుండి పంటలు లేని మాసములలో మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలసపోవు కుటుంబములు మెండు. వారి బిడ్డ ఆ మాసములలో పలకను చూడకపోవచ్చును. అయినను పొలముగట్టున మట్టి యుండును, ఇసుక యుండును, రాత్రి గుడిసెముందు కథ చెప్పుటకు తల్లినోరుండును. వీనికి ఖర్చు లేదు. వీనిని వలస దోచుకొనలేదు.

ఆ తల్లికి చదువు రాకపోయినను కొరత లేదని నొక్కి చెప్పుచున్నాను. మట్టిని పిసికించుటకు చదువక్కరలేదు. కథ చెప్పి, 'తరువాతేమి?' యని యడుగుటకు పట్టా యక్కరలేదు. అక్షరము బడి నేర్పును. అక్షరమును పట్టు వ్రేళ్లను, అర్థమును పట్టు మాటలను ఇల్లు ఈయవలెను.

విద్యార్థులారా, మీరు నేడు పెద్దపాఠములు చదువుచున్నారు. సెలవులలో ఇంటికి పోయినప్పుడు మీ తమ్ముని చేతికి మీ కలమునిచ్చి వ్రాయుమని తొందరపెట్టకుడు. పళ్లెములో ఇసుక పోయుడు. నల్లమట్టి తడిపి ఎద్దును చేయింపుడు. రాత్రి యొక కథ చెప్పి, నడుమ ఆపి, ప్రశ్న యడుగుడు. వాడు తప్పు చెప్పినను నవ్వక, 'ఎందుకట్లనుకొంటివి?' యని మరల నడుగుడు. పూర్వపుబడిలో పెద్దబాలురు చిన్నవారికి నేర్పుట మన సీమ మర్యాద. అది లోకము మెచ్చిన మర్యాద. ఆ బడి సగములో విడిచిన పనిని, అనగా అర్థమును కూడ నేర్పుటను, మీరు పూర్తిచేయుదురు గాక. అప్పుడు గొర్రు వెంట విత్తనమును పడును. వాన వచ్చినప్పుడు పైరును మొలచును.